చుక్క గుర్తు

ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
ఒక గది, ఒక కంప్యూటరు, కిర్రుమనే ఫ్యాను, నేను.
ఒడ్డుకొచ్చిన ప్రతి బోటుకీ ఒక ఫైలు.
పేరు మొదట బోటు, చివర రసీదు.
మధ్యలో ఏముంటే అది ఉండనీ అని
చుక్క గుర్తు పెట్టాను.

తెల్లారి నాలుగింటికి నా స్క్రిప్టు లేచి
ఫోల్డరు తలుపు తడుతుంది:
బోటు చుక్క రసీదు, ఎవరైనా ఉన్నారా?
ఉంటే లెక్క రాసి వేలం గదికి పంపుతుంది.
లేకపోతే మళ్ళీ పడుకుంటుంది.
అలా అనుకున్నాను.

ఏప్రిల్లో వేట ఆపిన మొదటి రాత్రి
జెట్టీ పొడుగునా బోట్లు భుజాలు రాసుకుంటూ పడుకున్నాయి.
పాత ఫైళ్ళు సర్దేశాను. ఫోల్డరు ఖాళీ.
పొద్దున్నే గుమాస్తా నీలాచలం మెట్లెక్కొచ్చాడు,
కాగితం విసనకర్రలా ఊపుకుంటూ.
"ఏటి బాబూ ఇది? సంద్రం మీద సీమైనా నేదు.
రాత్రి బోటొకటి వొచ్చీసిందని రాసీసినావు.
పేరు చుక్కంట. సరుకు సున్నంట.
ఎవులిదీ బోటు?"

నాకు నవ్వు రాలేదు.
లోపల ఎవరూ లేనప్పుడు
షెల్లు లేరని చెప్పదు.
నేను పిలిచిన పిలుపునే మడత విప్పకుండా
నా చేతిలో పెడుతుంది.
ఖాళీ గోదాములో కేకేస్తే గోడ పలికినట్టు.
నా స్క్రిప్టు ఆ గోడని చుట్టమనుకుని
పీట వేసి కూర్చోబెట్టింది.

లూపు పీకేశాను.
"ఉందా?" అని ఒక్క ముక్కలో పరీక్ష పెట్టాను.
రెండు నెలలు చక్కగా చెప్పింది
లేదు, లేదు, లేదు.
జూన్లో వేట తెరిచాక ఒకే ఒక్క బోటు తిరిగొచ్చిన రోజు
ఉంది అంది. నాకు నేనే టీ ఇప్పించుకున్నాను.

తర్వాతి రాత్రి నూట పన్నెండు.
వంజరాలు, చందువలు, కానాగంతలు,
కాలు పెట్టే సందు లేదు, కేకలు, ఐసు, డీజిలు వాసన.
స్క్రిప్టు: లేదు.
ఒక్క పేరు ఇస్తే చూసి చెప్పే మనిషికి
నూట పన్నెండు ఒక్కసారి నెత్తిన గుమ్మరిస్తే
తడబడి ఏదో గొణిగింది.
ఆ గొణుగుడు లేదు కింద జమైపోయింది.

ఎవరూ రాని రాత్రి ఒకరొచ్చారంది.
ఊరంతా వచ్చిన రాత్రి ఎవరూ రాలేదంది.
చిన్న గుర్తే, పట్టపగలు చుక్కలు చూపించింది.

కిందికి దిగితే గనగళ్ళ కాసులమ్మ,
పొయ్యి ముందు గొంతుక్కూచుని ఛానెల్ వైపు చూస్తోంది.
ఎన్ని బోట్లొస్తే పొయ్యి ముట్టిస్తావత్తా, అనడిగాను.
"లెక్కెట్టుకుంటా కూకుంటే ఎసరెప్పుడు మరుగుద్ది?
కొండ ముక్కు దాటి ఒక్క దీపం వొస్తాది.
బోటా, నీటి మీద లైటౌసు మెరుపా, అది సూస్తాను.
బోటయితే అగ్గిపుల్ల గీసీడమే.
ఎనకాలోల్లతో నాకేటి పని?"

టీ సగంలో వదిలేసి మెట్లెక్కాను.
చుక్కని విప్పు.
దొరికిన మొదటి పేరు పట్టుకో.
నువ్వు నిజంగా ఉన్నావా, నా పిలుపువేనా, అడుగు.
ఉంటే ఉందని రాయి.
ఉన్నా లేకున్నా అక్కడితో ఆగు.

లేనప్పుడు ఏమీ ఇవ్వకు అనే మీట ఒకటుందని తెలుసు.
అది నొక్కితే పిలుపు కూడా మిగలదు.
ఎందుకో చెయ్యి రాలేదు.

ఇప్పుడు మూడున్నర.
నీలాచలం కాగితం పట్టుకుని రావడం మానేశాడు.
ఫోల్డరు తెరిచి ఊరికే చూస్తున్నాను.
ఇంకా పూర్తిగా చేరని ఫైలు
పేరు ముందొక బిందువు పెట్టుకుని వస్తుంది.
దాన్నీ మనం చుక్కే అంటాం.
ఆ చుక్క ఈ చుక్కకి దొరకదు.
అలాంటిదొకటి ఉంది, సగం చేరి ఆగింది.
కింద అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
నేను దాన్ని కదపలేదు.